వయసు మళ్ళిన స్త్రీ చూపు ఎవరి బాధ్యత?

(వృద్ధ స్త్రీల ఆరోగ్యంపై కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనకి ముందు గర్భసంచి గుర్తొస్తుంది. దీనికి ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు. కుటుంబ నియంత్రణ పేరుతో స్త్రీల శరీరాల మీద సాగిన దౌర్జన్యాన్ని ఎదుర్కోవడంతోనే ఇక్కడ మన ఆరోగ్య ఉద్యమం మొదలైంది. 1985లో పటాన్‌చెరులో నెట్ ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు నిలదీశారు. 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆ పోరాటం చెయ్యవలసిందే, చేశాం. కానీ ముట్లుడిగిన తర్వాత కూడా స్త్రీ ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. ఆ ఏళ్ళలో ఆమె కళ్ళు, చెవులు, కీళ్ళు ఎవరి లెక్కలోకి వస్తాయి? ప్రభుత్వ లెక్కల్లో అంతంతమాత్రం. మన ఎజెండాలో కూడా అంతంతమాత్రమే.

ఈరోజు నేను కంటిచూపు గురించి, అందులోనూ ఒక్క జబ్బు గురించి మాట్లాడదలుచుకున్నాను. దాని పేరు మాక్యులర్ డీజెనరేషన్. వయసుతోపాటు వచ్చే జబ్బు. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఈ జబ్బు గురించి తెలుసుకోవలసి వచ్చింది మా అమ్మ వల్ల. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

అమ్మకి అప్పుడు 71 ఏళ్ళు. ధనుర్మాసంలో రోజూ తెల్లవారుజామునే లేచి వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టడం ఆమెకి చిన్నప్పటినుంచీ అలవాటు. ఒకరోజు ఫోన్లో మాటల మధ్య, "చుక్కలు సరిగ్గానే పెడుతున్నానే, కలిపేసరికి నడిమధ్యలో గీత వంకరపోయినట్టు కనిపిస్తోంది" అంది. "చలికి చెయ్యి వణుకుతోందేమో అత్తయ్యా, రేపటినుంచి నేను పెడతాలెండి" అందిట మా వదిన. ప్రేమగానే అంది. మరి నేనేమన్నాను? "శుక్లం వస్తూ ఉండి ఉంటుందమ్మా, తొందరేం లేదు. వేసవి సెలవుల్లో వచ్చి చూపిస్తాను" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా బల్లమీద ఒక వ్యాసం సగంలో ఉంది. గ్రామీణ స్త్రీలకు వైద్యం ఎందుకు ఆలస్యంగా అందుతుందన్నది దాని విషయం.

ఫిబ్రవరిలో ఊళ్ళో కంటి శిబిరం పెడితే అమ్మ వెళ్ళింది. టార్చిలైటు వేసి చూసి, "పొర ఇంకా ముదరలేదు, ఆరు నెలలాగి రండి" అని చీటీ రాసిచ్చారు. మే నెలలో నేను పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి కుడికంటిలో మధ్య చూపు పోయింది. కంట్లో మందు వేసి, వెనక భాగం పరీక్షచేసిన డాక్టరమ్మ "గీతలు వంకరగా కనిపించడం ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది. అమ్మ నావైపు తిరిగి, "ముగ్గుల రోజుల్లో" అంది. అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు కాపాడగలిగేవాళ్ళమని చెప్పిందావిడ.

ఇది నా వ్యక్తిగత పశ్చాత్తాపం మాత్రమే అయితే మీ ముందుకు తెచ్చేదాన్ని కాదు. వదిన, నేను, శిబిరంలోని వైద్య సిబ్బంది, ముగ్గురం ముగ్గురుగా "ఆగు" అనే చెప్పాం. ఎవరం దుర్మార్గులం కాము. ఆ మాట అంత సులువుగా మా నోటికి ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. కంటి వెనక నేత్రపటలం మధ్యలో పచ్చచుక్క ఉంటుందని బళ్ళో చదువుకున్నాం. అదే మాక్యులా. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మనిషి మొహం గుర్తుపట్టడం, ఇలా సూటిగా చూసే చూపంతా దానిదే. సాధారణంగా 50 ఏళ్ళు దాటాక కొందరిలో దాని కింద పసుపుపచ్చని మడ్డిలాంటి పదార్థం పేరుకుంటుంది. చాలామందిలో అది అక్కడితోనే ఆగుతుంది. కొందరిలో ముదిరి రెండు రకాలుగా నష్టం చేస్తుంది. పొడి రకంలో కణాలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా చచ్చిపోతాయి. తడి రకంలో అక్కడ బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టి, వాటినుంచి నీరు, నెత్తురు కారతాయి. ఈ రకం వారాల్లో, నెలల్లో చూపుని తినేస్తుంది. తిన్నగా ఉన్న గీత వంకరగా కనిపించడం దీని ముఖ్యమైన హెచ్చరిక.

శుక్లం వేరు. కంటి ముందువైపున్న కటకం మసకబారడం శుక్లం. దాన్ని తీసి కొత్త కటకం పెడితే, కంట్లో వేరే జబ్బు లేకపోతే, చూపు తిరిగొస్తుంది. ఆలస్యమైతే ఆ కాలమంతా గుడ్డితనంలో గడిచిపోతుంది, అది కూడా అన్యాయమే. కానీ మాక్యులాలో చచ్చిన కణం తిరిగి రాదు. శుక్లానికి నేర్చుకున్న ఓపిక ఈ జబ్బులో కంటిని తీసేస్తుంది. నేను ఈరోజు చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ఆ ఓపిక మనకి ఎవరు నేర్పారు? పాతకాలపు ఆపరేషన్‌లో కటకాన్ని మొత్తంగా తీసేసి, దళసరి కళ్ళద్దాలిచ్చేవాళ్ళు. కాబట్టి పొర బాగా ముదిరేదాకా ఆగమనేవాళ్ళు. ఇప్పుడు శుక్లానికి కూడా అలా ఆగక్కర్లేదు. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. 1994 నుంచి 2002 వరకు ప్రపంచబ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ఆపరేషన్లు పెద్దఎత్తున జరిగాయి. ఆ ఏడింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. లక్షలమందికి చూపొచ్చింది, కాదనను. కానీ టార్గెట్లతో నడిచే కార్యక్రమానికి టార్గెట్లో ఉన్న జబ్బే కనిపిస్తుంది. ముసలివాళ్ళకి చూపు తగ్గితే అది పొరే, పొరైతే ముదరాలి అన్న పాఠం ఊరూరా పాతుకుపోయింది. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటివెలుగు కార్యక్రమాలు వచ్చాయి. ఊళ్ళలోకి వెళ్ళి పరీక్షలు చేసి కళ్ళద్దాలివ్వడం మంచి పనే. కానీ చత్వారానికి అద్దాలిచ్చినంత మాత్రాన కంటి వెనక ఏముందో తెలియదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ హైదరాబాద్‌లోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం మగవాళ్ళలోకంటే ఆడవాళ్ళలో ఎక్కువని తేలింది. 40 ఏళ్ళు దాటినవాళ్ళలో మాక్యులర్ డీజెనరేషన్ 2.7 శాతం. అంటే వందమందిలో దాదాపు ముగ్గురు. ఇది డబ్బున్నవాళ్ళ జబ్బనీ, పాశ్చాత్య దేశాల జబ్బనీ అనుకునేవాళ్ళకి మన జిల్లాల్లోంచి వచ్చిన జవాబిది.

ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి వయసు జబ్బులు వాళ్ళలో ఎక్కువ కనిపిస్తాయని ఒక వివరణ ఉంది. అందులో నిజముంది. కానీ అదే మొత్తం నిజం కాదు. మా నాన్నకి పేపరు మసగ్గా కనిపించిన నెలలోనే శుక్లం ఆపరేషన్ అయింది. ఇంట్లో చర్చే లేదు. "ఆయన చదువుకోవాలి, బ్యాంకుకి వెళ్ళాలి" అన్నారు. అమ్మ విషయంలో ఎవరూ వద్దనలేదు. ఎవరికీ తొందర అనిపించలేదు, అంతే. ఎందుకంటే చూపు అవసరాన్ని మనం బయట కనిపించే పనితో కొలుస్తాం. బియ్యంలో రాళ్ళు ఏరడం, చింతపండులో పిక్కలు తీయడం, నూనె కాగిందో లేదో చూడటం, మనవడి తలలో పేలు చూడటం, ఇవన్నీ సూటి చూపుతో చేసే పనులే. కానీ ఇవి పని కిందే లెక్కకు రానప్పుడు, వాటికి కావలసిన చూపు మాత్రం లెక్కకు ఎలా వస్తుంది?

ఇంకో సంగతి ఉంది. ఆడవాళ్ళు చూపు తగ్గినా పని ఆపరు. నలభై, యాభై ఏళ్ళుగా అదే వంటింట్లో తిరిగిన మనిషి చేతి స్పర్శతో, వాసనతో, చప్పుడుతో నెట్టుకొస్తుంది. ఉప్పుడబ్బా ఎక్కడుందో కళ్ళతో చూడనక్కర్లేదు. దాంతో ఇంట్లోవాళ్ళకి ఏమీ తెలియదు. ఒక కంట్లో చూపు పోతున్నా రెండోది సర్దుకుపోతుంది కాబట్టి ఆమెకి కూడా తెలియకపోవచ్చు.

తెలిసిన తర్వాత పడే అవమానాలు వేరు. ఈ జబ్బులో కటిక చీకటి రాదు. పక్క చూపు మిగులుతుంది. ఎదుటి మనిషి మొహం కనిపించదు గాని, గోడవారగా పడిన పైసా కనిపిస్తుంది. నేను మాట్లాడిన ఒక పెద్దావిడని కోడలు, "డబ్బులు కనిపిస్తాయి, మనుషులు కనిపించరా?" అందిట. ఇంకొకావిడ వీధిలో పలకరించడం లేదనీ, కొడుక్కి ఉద్యోగం రాగానే పొగరెక్కిందనీ ఇరుగుపొరుగు మాటలు మానేశారు. మరొకావిడకి గోడమీద లేని పూలతీగలు, గదిలో లేని పిల్లలు కనిపించేవాళ్ళు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆమె భయపడి చెప్పడమే మానేసింది. చూపు పోతున్నప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు చూపించడం వైద్యానికి తెలిసిన విషయమే. 1760లో స్విట్జర్లాండ్‌కి చెందిన చార్లెస్ బోనే తన తాతగారికి ఇలా కనిపించడం గురించి రాశాడు. ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. అది దెయ్యమూ కాదు, పిచ్చీ కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంతమంది ముసలమ్మలు గుండె దిటవు చేసుకుంటారో ఆలోచించండి.

ఈ జబ్బు రాకుండా ఏం చెయ్యగలం? వయసుని, వంశపారంపర్యాన్ని మార్చలేం. మార్చగలిగిన వాటిలో అన్నిటికంటే పెద్దది పొగతాగడం. పొగతాగేవాళ్ళలో ఈ జబ్బు ప్రమాదం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. పొగ మగవాళ్ళ అలవాటని మనలో చాలామంది అనుకుంటాం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరంలో ఎప్పుడైనా పనిచేసిన కార్యకర్తలు అలా అనుకోరు. అక్కడ పెద్దవయసు స్త్రీలు చుట్టని తిరగేసి, నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని అక్కడ చాలాకాలంగా చెబుతున్నారు. కంటి సంగతి ఎవరూ చెప్పరు. నేనిందాక చెప్పిన సర్వేలోనే, చుట్ట కాల్చిన చరిత్ర ఉన్నవాళ్ళలో మాక్యులర్ డీజెనరేషన్ సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనబడిందని 2005లో ప్రచురించారు. అయితే ఆ అమ్మల దగ్గరకి నీతిబోధతో వెళ్ళకండి. ఆకలి చంపుకోవడానికి, చలికి, అలసటకి మొదలైన అలవాటది. "కన్ను పోతుంది" అన్న భయం కాకుండా, "మానేస్తే కంటికి మేలు" అన్న కబురు తీసుకెళ్ళండి.

రెండోది తిండి. తోటకూర, మునగాకు, పొన్నగంటికూర, పాలకూర వంటి ఆకుకూరల్లో ల్యూటిన్ అనే పదార్థం ఉంది. మొక్కజొన్నలో, గుడ్డు పచ్చసొనలో కూడా దాని జాతి పదార్థాలున్నాయి. మాక్యులాకి పసుపురంగునిచ్చి, దాన్ని కాపాడేవి ఇవే. కాస్త నూనెతో వండితే ఒంటికి బాగా పడతాయి. చేపలు కూడా మంచివి. ఇవి పెరట్లో, సంతలో దొరికేవే. దొరకవన్నది సమస్య కాదు. అందరికీ వడ్డించాక ఆఖర్న కూర్చున్న మనిషి కంచంలోకి మిగిలేది పులుసు నీళ్ళు, పచ్చడి. గుడ్డు మనవడికి, చేప ముక్క కొడుక్కి. పోషకాహారం మీద మనం ఇచ్చే ఉపన్యాసాల్లో గర్భిణీ తర్వాత ఆగిపోతాం. ముసలమ్మ కంచం గురించి కూడా మాట్లాడదాం. రక్తపోటు అదుపులో ఉంచుకోవడం, రోజూ నడవడం కూడా ఇందులో భాగమే.

ఇక మాత్రలు. కంటికి మంచివంటూ మందుల షాపుల్లో రకరకాల సీసాలు అమ్ముతున్నారు. 2001లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో, జబ్బు మధ్యస్థ దశలో ఉన్నవాళ్ళకీ, ఒక కంట్లో ముదిరినవాళ్ళకీ కొన్ని విటమిన్లు, జింకు కలిపి ఇస్తే ముదిరే ప్రమాదం సుమారు 25 శాతం తగ్గిందని తేలింది. జబ్బు లేనివాళ్ళకి రాకుండా ఆపుతాయని మాత్రం తేలలేదు. అందులోని బీటా కెరోటిన్ పొగతాగేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెంచుతుంది కాబట్టి, 2013లో వచ్చిన రెండో పరిశోధన తర్వాత దాని బదులు ల్యూటిన్, జియాజాంతిన్ వాడుతున్నారు. కాబట్టి డాక్టరు చూడకుండా, ఏ దశో తెలియకుండా కొనిపించకండి. చుట్ట కాల్చే అమ్మకి బీటా కెరోటిన్ ఉన్న సీసా అసలు ఇప్పించకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఖర్చు లేనిది, ఇంట్లో చేసుకునే పరీక్ష. స్విస్ కంటి డాక్టరు మార్క్ ఆమ్‌స్లర్ గళ్ళ కాగితం మధ్య చుక్కపెట్టి ఈ పరీక్షని రూపొందించాడు. లెక్కల నోటుపుస్తకంలో గళ్ళ పేజీ చాలు. దగ్గరిచూపు అద్దాలుంటే పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో మధ్య చుక్కని చూడాలి. తర్వాత కన్ను మార్చాలి. గీతలు వంకరపోయినా, అలల్లా కనిపించినా, మధ్యలో మచ్చ వచ్చినా, గళ్ళు మాయమైనా, ఆ వారంలోనే నేత్రపటలం చూసే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. కాగితం లేకపోతే కిటికీ ఊచలు, ద్వారబంధం చూసినా సరే. చుక్కల ముగ్గు వేసే స్త్రీకి ఈ పరీక్ష గురించి ఎక్కువ వివరించనక్కర్లేదు. మా అమ్మ ఎవరూ చెప్పకుండానే ఆ పరీక్ష చేసుకుంది. ఫలితం కూడా సరిగ్గానే చెప్పింది. వినవలసిన మేమే వినలేదు.

తడి రకానికి వైద్యం ఉంది. కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గాని, మత్తుచుక్కలు వేసి ఇస్తారు, కొద్ది క్షణాల పని. మొదట్లో నెలనెలా, తర్వాత అవసరాన్నిబట్టి ఏళ్ళ తరబడి వేయించుకోవాలి. పోయిన చూపు చాలావరకు రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడం ముఖ్యం. ఇందుకోసమే తయారైన రానిబిజుమాబ్‌కి 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఖరీదైన మందు. క్యాన్సర్ కోసం తయారైన బెవాసిజుమాబ్ అంతకంటే ఎన్నోరెట్లు చవక. రెండూ చూపు నిలబెట్టడంలో దాదాపు సమానమని 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన తేల్చింది. కాబట్టి "ఇంతకంటే చవకైన మందు ఉందా?" అని అడిగే హక్కు రోగికుంది. మనం అడిగించాలి.

అయితే మందు ఖరీదు ఒక్కటే అడ్డం కాదు. చూపు సరిగ్గాలేని ముసలమ్మ నెలనెలా పట్నం వెళ్ళాలంటే తోడు కావాలి. కొడుకు వెళ్తే కూలి పోతుంది. కోడలు వెళ్తే ఇంట్లో పొయ్యి వెలగదు. బస్సు ఛార్జీలు ఇద్దరివి. రెండో ఇంజెక్షన్ తర్వాత మానేసినవాళ్ళని అడిగితే, "బాగానే ఉంది కదమ్మా, ఎందుకు వాళ్ళని ఇబ్బందిపెట్టడం" అంటారు. ఆ "ఇబ్బంది" అన్న మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. జీవితమంతా అందరికీ చాకిరీ చేసిన మనిషి తన కంటికోసం నెలకొకరోజు అడగడాన్ని ఇబ్బంది పెట్టడం అనుకుంటోంది.

చట్టం ఏమంటుంది? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నీడ మాత్రమే కాదు, వైద్యం కూడా. ఇది కొడుకులకీ కూతుళ్ళకీ వర్తిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పూర్తి అంధత్వంతోపాటు మందదృష్టిని కూడా వైకల్యంగా గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే దాని మేరకు హక్కులొస్తాయి. వికలాంగుల పింఛను 2023లో తెలంగాణలో 4,016 రూపాయలకి, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలకి పెరిగింది. రెండు చోట్లా అది అప్పటి వితంతు, వృద్ధాప్య పింఛన్లకంటే ఎక్కువ. చూపు పోయిన ఎందరో స్త్రీలు వితంతు పింఛనుతోనే సరిపెట్టుకుంటున్నారు. ముసలితనంలో చూపు పోవడం సహజమే కదా, దానికి సర్టిఫికెట్ ఏమిటనుకుంటారు.

ఇక మన సంఘాలు చెయ్యగలిగినవి నాలుగు చెబుతాను. మొదటిది, పొదుపు సంఘం నెలవారీ సమావేశంలో 50 దాటిన ప్రతి స్త్రీ చేతా గళ్ళ కాగితం పరీక్ష చేయించడం. అయిదు నిమిషాల పని. రెండవది, ఆసుపత్రికి తోడు వెళ్ళడాన్ని సంఘం పనిగా తీసుకోవడం. ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకే రోజున తీసుకెళ్తే ఒక్క కార్యకర్త చాలు. మూడవది, కంటి శిబిరాల్లో కంటి వెనక భాగం కూడా పరీక్షించాలనీ, జిల్లా ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇవ్వాలనీ అడగడం. నాలుగవది, చూపు పోయినవాళ్ళని వదిలెయ్యకపోవడం. భూతద్దం, మంచి వెలుతురు, తెల్లన్నానికి ముదురురంగు కంచం, మెట్ల అంచున రంగుపట్టీ, కాస్త పక్కకి చూసి మొహాలు పట్టుకోవడం నేర్పడం, ఇవన్నీ చూపు తక్కువైన మనిషిని తన పని తాను చేసుకోనిస్తాయి.

చివరగా మళ్ళీ మా అమ్మ గురించి చెప్పి ముగిస్తాను. కుడికన్ను పోయాక, రోజూ పొద్దున్నే కాఫీ తాగేముందు కుడికన్ను మూసుకుని ఎడమకంటితో కిటికీ ఊచలు చూడటం అలవాటు చేసుకుంది. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు పొద్దున్న ఏడింటికి ఫోన్ చేసింది. "రెండో ఊచ వంగింది. రేపు నీకు క్లాసుంటే మానెయ్" అంది. జీవితంలో మొదటిసారి మా అమ్మ నన్ను పని మానుకోమనడం విన్నాను. ఆ వారంలోనే ఇంజెక్షన్ పడింది. ఆ కంటితో ఇప్పటికీ పేపర్లో పెద్దక్షరాలు చదువుతుంది, మా మొహాలు చూస్తుంది.

ఆ ఫోన్ చెయ్యడానికి ఆమెకి ఒక కన్ను ఖర్చయింది. మన ఊళ్ళలో అమ్మలు, అత్తమ్మలు, అమ్మమ్మలు మొదటి కంటికే ఆ మాట అనగలగాలి. అన్నప్పుడు వినే మనుషులు ఇంట్లోనూ, సంఘంలోనూ, ఆసుపత్రిలోనూ ఉండాలి. ఇక్కడినుంచి వెళ్ళాక ముందు మీ ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసుకుని కిటికీ చూడమనండి. ఏమి కనిపిస్తోందో అడగండి. ఆమె చెప్పింది నమ్మండి.

సెలవు.